రాగిరేకు మీద లేనిది

మా వేంపల్లె నుంచి కడప మీదుగా రాజంపేట దారి పట్టుకుంటే తాళ్లపాక వస్తుంది. అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన పదాలను కొడుకు పెద తిరుమలాచార్యుడు రాగిరేకుల మీద చెక్కించాడు. తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అనే చిన్న రాతి అరలో ఆ రేకులు శతాబ్దాల పాటు ఉండిపోయాయి. రెండు వేలకు పైచిలుకు రేకులు. గత శతాబ్దంలో పండితులు వాటిని బయటికి తీసి చదివితే అక్షరాలు నిన్న చెక్కినట్టే ఉన్నాయి. ప్రతి పాట నెత్తినా రాగం పేరు ఉంది. సామంతం, బౌళి, ముఖారి, దేసాళం. ఆ రాగంలో ఆ పాటను ఎట్లా ఎత్తుకోవాలో, ఎక్కడ నిలపాలో, ఎక్కడ జారాలో మాత్రం లేదు. పదం కింద స్వరం లేదు.

స్వరం ఎందుకు రాయించలేదని పెద తిరుమలాచార్యుణ్ణి తప్పుపట్టలేం. ఆ ఇంట్లో అందరూ పాడేవాళ్లే, కట్టేవాళ్లే. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. కొడుకు పెద తిరుమలాచార్యుడు వేల కీర్తనలున్న ఇంటికి వారసుడై తానూ కీర్తనలు కట్టాడు. మనుమడు చిన తిరుమలయ్య కీర్తనలు కట్టడమే కాకుండా, తాత సంస్కృతంలో చెప్పిన సంకీర్తన లక్షణాన్ని తెలుగులోకి తెచ్చాడు. ఇంకో మనుమడు చిన్నన్న తాత చరిత్రను ద్విపదలో చెప్పాడు. మూడు తరాల్లో ఇంతమంది. పొద్దున లేస్తే ఇంట్లో వినిపించే బాణీని రాగి మీద చెక్కించాల్సిన అవసరం వాళ్లకు కనిపించి ఉండదు. అది పోతుందని ఎవరనుకుంటారు?

పోయింది. వంశం ఆగలేదు. తాళ్లపాక వారి పేరుతో సేవలు తిరుమలలో ఇప్పటికీ నడుస్తున్నాయి. నెత్తురు తరం నుంచి తరానికి దిగుతూనే ఉంది, వేల బాణీలు మాత్రం దాంతో పాటు దిగలేదు. సంగీతం మనిషికి పుట్టుకతో వస్తుందా, సాధనతో వస్తుందా అని ఇప్పుడు ప్రపంచమంతా జన్యువులను, మెదళ్లను తరచి చూస్తోంది. ఆ ప్రశ్నకు మా సీమలో అయిదు వందల ఏళ్ల నాటి సాక్ష్యం ఈ రాగిరేకులే. కుటుంబం చెవిని ఇవ్వగలదు, గొంతును ఇవ్వగలదు. పాట ఉండేది మనిషి మెదడులో. ఆ మెదడు ఆరిపోయేలోగా ఇంకో మెదడులోకి మారకపోతే పాట ఉండదు.

ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి ఒకరు కర్నూలులో ఉండేవారు. వృత్తికి వైద్యులు. పేరు డాక్టర్ శ్రీపాద పినాకపాణి.

ఆయన పుట్టింది సీమలో కాదు, ఉత్తరాంధ్రలో, శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో, 1913 ఆగస్టు 3న. సంగీతం మొదట బి.ఎస్. లక్ష్మణరావు గారి దగ్గర, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర, మద్రాసులో రంగరామానుజ అయ్యంగారి దగ్గర నేర్చుకున్నారు. వైద్యం విశాఖపట్నంలో చదివారు. ఉద్యోగం ఆయన్ను ఊళ్లు తిప్పి చివరికి కర్నూలు వైద్య కళాశాలకు తెచ్చింది. అక్కడ ఆచార్యులుగా పనిచేసి, రిటైరయ్యాక కూడా ఆ ఊళ్లోనే ఉండిపోయారు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1984లో పద్మభూషణ్. 2013 మార్చి 11న కర్నూలులోనే కన్నుమూశారు. నూరేళ్లు నిండడానికి కొన్ని నెలలే తక్కువ.

బిరుదుల పట్టిక చూసి ఆయన గొప్పతనం అంచనా వేస్తే చాలా తక్కువ తెలుస్తుంది. ఆయన చేసిన అసలు పనిని చూడాలంటే తిరుమల తిరుపతి దేవస్థానం వారు సంపుటాలుగా అచ్చువేసిన సంగీత సౌరభం తెరవాలి. పాడడం రానివాళ్లు కూడా ఒక పుట ముందు పెట్టుకుని నిదానంగా చూడండి. మనిషి చేతి పని ఎంత సూక్ష్మంగా ఉండగలదో అక్కడ కనిపిస్తుంది.

తోడి రాగాన్ని తీసుకుందాం. అందులో గాంధారం ప్రాణం. మామూలు పాఠ్యపుస్తకంలో ఆ చోట 'గా' అని ఒక్క దీర్ఘం ఉంటుంది, పక్కన కాలం నింపడానికి ఒక గుర్తు. హార్మోనియం మెట్టు నొక్కినట్టు ఆ గాంధారాన్ని నిలకడగా పలికితే తోడి రాదు. పాడేవాళ్ల గొంతులో ఆ స్వరం ఒక్కచోట నిలబడదు. రిషభం అంచున మొదలై మధ్యమం దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోతుంది. ఆ ఊపంతా కలిసి మన చెవికి 'గా' అని వినిపిస్తుంది. గాంధారం అనే మాట ఆ కదలికకు పెట్టిన పేరు. భైరవిలో మరో చిక్కు. పైకి పోయేటప్పుడు ఒక ధైవతం, కిందికి దిగేటప్పుడు ఇంకో ధైవతం. పుస్తకంలో రెండూ 'ద' అక్షరమే. గురువు దగ్గర కూర్చోని పిల్లవాడు ఏది పాడాలో ఆ అక్షరం చెప్పదు.

కర్ణాటక సంగీతం పుస్తకం చూసి రాదని పెద్దలు చెప్పే మాటకు మూలం ఇదే. స్వరం రాస్తే ఎముకలు మాత్రం దొరుకుతాయి. కండ ఆ కదలికలో, అంటే గమకంలో ఉంది, గమకం రాతకు దొరకదు. ఈ కష్టాన్ని పినాకపాణి గారి కంటే ముందు ఒకరు తలకెత్తుకున్నారు. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించారు. అరవనాట అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉండడం మనకు దక్కిన భాగ్యం. ఆయన స్వరాల నెత్తిన గమకానికి ఒక్కో గుర్తు పెట్టారు. ఇక్కడ ఊపు, ఇక్కడ జారు, ఇక్కడ నొక్కు అని. గొప్ప పని. అయితే ఊపు అని గుర్తు ఉంటే ఎంత ఊపు, ఎన్నిసార్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది మళ్లీ తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

పినాకపాణి గారు గమకాన్ని విప్పి చూపించారు. దీర్ఘం ఉన్న చోట దీర్ఘం రాసి ఊరుకోకుండా, ఆ దీర్ఘం లోపల గొంతు తాకే చిన్న చిన్న స్వరాలను వరసగా రాశారు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక్కో అక్షరాన్ని నాలుగు భాగాలు, వాటిని మళ్లీ చిన్న భాగాలు చేసుకుని, ఏ భాగంలో గొంతు ఏ స్వరం మీద ఉందో ఆ గడిలో పెట్టారు. అప్పుడు తోడి గాంధారం ఒక్క అక్షరంగా ఉండదు. రిషభ మధ్యమాలు దగ్గరగా కట్టిన ఒక చిన్న గుచ్ఛంగా కనిపిస్తుంది. కమలం రేకులు విప్పినట్టు ఒక్కో స్వరం తెరుచుకుంటుంది. నిదానంగా పాడితే ఆ చిన్న స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. కాలం పెంచితే ఒకదానిలో ఒకటి కరిగిపోయి రాగం బయటికి వస్తుంది.

ఇది చెప్పడానికి సులువు. చేసే మనిషికి ఎన్ని తెలియాలో ఆలోచించండి. మొదట ఆ కృతి శుద్ధమైన పాఠం తెలియాలి. తన గొంతు ఏం చేస్తోందో తానే పక్కన కూర్చున్నట్టు వినగలగాలి. చాలామంది విద్వాంసులు పాడగలరు, పాడుతున్నప్పుడు గొంతు ఏ క్షణంలో ఎక్కడుందో చెప్పలేరు. నడిచే మనిషిని ఏ కండ ముందు బిగుస్తుందో అడిగితే చెప్పలేనట్టే. ఆ తరవాత ఎంతవరకు విప్పాలో తెలియాలి. మరీ సూక్ష్మంగా విప్పితే పుట నిండా నల్లటి చుక్కలే మిగులుతాయి, పిల్లవాడు భయపడి పుస్తకం మూస్తాడు. తక్కువ విప్పితే పాత కష్టమే. నేర్చుకునే గొంతుకు సరిపడా విప్పి, అక్కడ ఆపారు. ఆ ఆపడంలోనే ఆయన పనితనమంతా ఉందని నా నమ్మకం. ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతుల్లో, ఒక సంగతి తరవాత ఇంకో సంగతి వచ్చేటప్పుడు ఏ మూల మారిందో, ఏది మారకుండా ఉందో కంటికి కనిపించేట్టు రాశారు. త్యాగరాజు ఒక పాదాన్ని ఎట్లా పెంచుకుంటూ పోయాడో, ఆ పుట చదివితే పాడకుండానే తెలుస్తుంది.

ఆయన వైద్య విద్య ఈ పనికి తోడ్పడిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆయన చదువుకున్న కాలంలో జనరల్ మెడిసిన్ వైద్యుడికి స్కానింగులు లేవు. గుండె కవాటం చెడిందో లేదో స్టెతస్కోపు పెట్టి, లబ్ డబ్ మధ్యలో వచ్చే సన్నటి శబ్దాన్ని పట్టుకుని, అది ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ఆగుతోందో తేల్చి చెప్పాలి. ఒకే చప్పుడుగా వినిపించేదాన్ని భాగాలుగా విని, కాగితం మీద పెట్టి, శిష్యులకు నేర్పే చదువు అది. పగలు ఆసుపత్రిలో చేసిన పని, ఇంటికి వచ్చి తోడి మీద చేసిన పని ఒకే రకానివి.

మెదడును చదివేవాళ్లు ఇప్పుడు చెబుతున్న విషయాలు ఆయన చేతి పనికి వ్యాఖ్యానంలా ఉంటాయి. మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న కాక్లియాలో ఒక్కో ధ్వనికి ఒక్కో చోటు ఉంది. హెచ్చు స్థాయి మొదట్లో, మంద్రం చివర్లో. అక్కడి నుంచి వార్త మెదడు కాండం మీదుగా పైకి పోయి, కణతల లోపలి శ్రవణ ప్రాంతానికి చేరుతుంది. పాట వినడం అక్కడితో ఆగదు. కదలకుండా కూర్చుని వింటున్నా, కాళ్లూ చేతులూ గొంతూ ఆడించే ప్రాంతాలు కూడా మేల్కొంటాయి. వినే ప్రాంతానికీ పలికించే ప్రాంతానికీ మధ్య ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అనే వంపు తిరిగిన నరాల కట్ట ఉంది. శ్రుతి పట్టుకోలేని మనుషుల్లో ఆ కట్ట పలచగా ఉందని 2009లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. గురువు ఒక సంగతి పాడడం, శిష్యుడు వెంటనే తిరిగి పాడడం, తప్పితే అక్కడికక్కడే దిద్దడం. మన పాఠం సాగే ఈ తీరు సరిగ్గా ఆ కట్టకే కసరత్తు. చెవి విన్నది గొంతుకు, గొంతు పలికింది మళ్లీ చెవికి.

కసరత్తు చేస్తే మెదడు ఆకారమే మారుతుందని తెలియడం గత ముప్పై ఏళ్ల సంగతి. 1995లో జర్మనీలో ఎల్బర్ట్ బృందం వయొలిన్ లాంటి తీగ వాద్యాలు వాయించేవాళ్లను పరీక్షించింది. వాళ్ల ఎడమచేతి వేళ్లకు మెదడులో కేటాయించిన చోటు మామూలు మనుషుల కంటే పెద్దది. చిన్నప్పుడే మొదలుపెట్టిన వాళ్లలో ఇంకా పెద్దది. మన దేశపు ఉదాహరణ నాకు మరీ ఇష్టం. జేమ్స్ హార్ట్‌జెల్ అనే పరిశోధకుడు హర్యానాలోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో 21 మంది వేద పండితుల మెదళ్లను స్కాన్ చేయించి 2016లో ఫలితాలు ప్రకటించాడు. చిన్నతనం నుంచి వేలకొద్దీ మంత్రాలను స్వరంతో సహా వల్లె వేసిన ఆ మెదళ్లలో మాటకూ జ్ఞాపకానికీ సంబంధించిన ప్రాంతాలు బలిసి ఉన్నాయి. రాత లేకుండా పాఠాన్ని మోసిన సంప్రదాయం మనిషి మెదడునే తాళపత్రంగా చేసుకుందన్నమాట.

పాట మెదడులో ఎంత లోతుగా దిగుతుందో వైద్యులకు రోగులు చూపించారు. క్లైవ్ వేరింగ్ అనే ఇంగ్లీషు సంగీతకారుడికి 1985లో మెదడువాపు వచ్చింది. ఆ తరవాత ఆయనకు ఏ కొత్త జ్ఞాపకమూ అరనిమిషం మించి నిలవలేదు. భార్య గది దాటి వెళ్లి తిరిగొస్తే కొన్నేళ్ల తరవాత చూసినట్టు పరిగెత్తేవాడు. పియానో ముందు కూర్చోబెడితే మాత్రం మొదలుపెట్టిన పాట చివరి దాకా వాయించాడు. పక్షవాతంతో మాట పడిపోయిన మనుషుల్లో కొందరు, నీళ్లు కావాలని అడగలేనివాళ్లు, చిన్నప్పుడు నేర్చిన పాటను మాటలతో సహా పాడగలరు. మాటకు ఎడమ వైపు గట్టి పట్టు ఉంటే, రాగానికి రెండు వైపులా చోటు ఉంది. దీన్ని ఆధారం చేసుకుని 1973 నాటికే బోస్టన్‌లో, రోగితో చిన్న మాటలను రాగం తీయించి పలికించే చికిత్స మొదలుపెట్టారు.

ఇక జన్యువుల సంగతి. ఇక్కడ నిదానంగా నడవాలి, ఎందుకంటే ఈ విషయంలో పెద్ద మాటలు సులువుగా వచ్చేస్తాయి. ఇంగ్లండులో 284 జంటల కవలలకు పాటలు వినిపించి, తప్పు స్వరం పడిందో లేదో చెప్పమన్నారు. ఒకే పిండం నుంచి వచ్చిన కవలలు ఒకరి లాగే ఒకరు జవాబిచ్చారు. రెండు పిండాల కవలల్లో ఆ పోలిక తక్కువ. మనిషికీ మనిషికీ మధ్య ఈ శక్తిలో ఉన్న తేడాల్లో 70 నుంచి 80 శాతం దాకా వారసత్వానిదేనని 2001లో ఆ పరిశోధన తేల్చింది. స్వీడన్‌లో వేలమంది కవలల మీద 2014లో అచ్చయిన ఇంకో పరిశోధన మరీ ఆశ్చర్యం. సాధన ఎంతసేపు చేస్తాడన్నది కూడా కొంత పుట్టుకతోనే వస్తుందట. ఒకే పిండపు కవలల్లో ఎక్కువ సాధన చేసినవాడికి స్వరభేదం కనిపెట్టే శక్తి రెండోవాడి కంటే ఎక్కువేమీ లేదు.

ఈ ఫలితం చూసి సాధన వృథా అని రాసినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. వాళ్లు కొలిచింది రెండు ధ్వనులకు తేడా చెప్పే శక్తిని. అది సంగీతానికి గుమ్మం మాత్రమే. ఆ స్వీడన్ పరిశోధకుల్లో ఒకరైన ఉల్లెన్, డి మన్సానో అనే మరో పరిశోధకుడితో కలిసి 2018లో మరో పని చేశారు. ఒకే పిండం నుంచి పుట్టి, ఒకరు పియానో నేర్చుకుని, రెండోవారు నేర్చుకోని కవలల మెదళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. జన్యువులు ఒకటే. మెదళ్లు వేరు. వాయించేవాళ్లలో వినే, కదిలించే ప్రాంతాల పై పొర మందంగా ఉంది, ఎడమవైపు ఆర్క్యుయేట్ కట్ట బలంగా ఉంది. నెత్తురు ఇచ్చింది ఒకటే అయినా సాధన ఇద్దరిని ఇద్దరుగా చేసింది. పినాకపాణి గారి పాఠంలో జరిగింది కూడా ఇదే. ఆయన శిష్యులను చూడండి. నెడునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం. వీళ్లెవరూ ఆయన నెత్తురు కాదు. వీళ్ల గొంతుల్లో వినిపించే ఆ బరువైన నడక, తొందరపడని గమకం, రాగాన్ని నలగనివ్వని ఆ మర్యాద అంతా ఆయనది.

జన్యువు తలుపు మూసేసే సందర్భం ఒకటుంది. సీమవాళ్లం దాన్ని తప్పక మాట్లాడుకోవాలి. పుట్టు చెవుడులో సగానికి పైగా జన్యు కారణాలే. జీజేబీ2 అనే జన్యువులో లోపం వాటిలో బాగా ఎక్కువగా కనిపించేది. తల్లికీ తండ్రికీ ఒక్కో లోపపు ప్రతి ఉంటే వాళ్లిద్దరికీ బాగా వినిపిస్తుంది, వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు చెవుడు వచ్చే అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఆ రెండు ప్రతులూ ఒకే తాత నుంచి దిగి కలుసుకునే వీలు ఎక్కువ. మేనమామ కూతుర్నో, అక్క కూతుర్నో చేసుకోవడం మా పల్లెల్లో ఇంకా ఉంది. శబ్దం అందని శ్రవణ ప్రాంతాన్ని మెదడు ఖాళీగా ఉంచదు, చూపుకూ స్పర్శకూ ఇచ్చేస్తుంది. అందుకే కాక్లియర్ ఇంప్లాంట్ మూడేళ్లు నిండేలోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఈ ఖరీదైన శస్త్రచికిత్సను పేదల పిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. మేనరికపు ఇంట బిడ్డ పుడితే మొదటి నెలలోనే చెవి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కదా అని ఊరుకోవద్దు.

తాళం దగ్గరికి వస్తే మా వేంపల్లెకు చెప్పుకోవడానికి సొంత సొమ్ము ఉంది. పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే గండి దగ్గర వీరాంజనేయుడి గుడిలో శ్రావణమాసం శనివారాలు జనంతో నిండిపోతాయి. చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన ఇంకా బతికే ఉంది. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో ఇత్తడి బిళ్లలు బిగించిన చెక్కలు. గురువు పాట ఎత్తుకుంటాడు, గుండ్రంగా నిలబడినవాళ్లు అందుకుంటారు. నోట పాట, చేత చెక్క, కాలితో అడుగు. మూడూ ఒకే తాళానికి కట్టుబడి ఉండాలి. అడుగు మారే చోట గురువు కాలు కొంచెం గట్టిగా నేలను తాకుతుంది. ఆ సైగకు ఇరవై జతల కాళ్లు ఒకేసారి తిరుగుతాయి. పొలం పని చేసి వచ్చిన మనుషులు, పుస్తకం పట్టనివాళ్లు, ఒక్క అడుగు తప్పరు.

2022లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ఒకే ప్రశ్న అడిగారు. పాటకు తగ్గట్టు తాళం వేయగలవా అని. వాళ్ల జన్యువులతో ఆ జవాబులను పోల్చి చూస్తే 69 చోట్ల సంబంధం కనిపించింది. ఒక్కో చోటు ప్రభావం చాలా చిన్నది. తాళపు జన్యువు అని ఒక్కటేదీ లేదు. చాలా జన్యువులు తలా ఒక పిడికెడు వేస్తే ఆ శక్తి పోగవుతుంది. ఆ లక్షల మందీ ఐరోపా మూలాల వాళ్లే. మన చెక్కభజన గురువులను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ప్రశ్నే మారి ఉండేదేమో. చప్పట్లు కొట్టడం వేరు, తాళం లోపల అడుగు తిప్పుతూ పాట నడపడం వేరు. పుట్టిన రెండు మూడు రోజుల పసిబిడ్డ మెదడు కూడా తాళంలో ఒక దెబ్బ తప్పితే గుర్తిస్తుందని 2009లో హంగరీ పరిశోధకులు చూపారు. కాబట్టి విత్తనం అందరిలోనూ ఉంది. దాన్ని చెక్కభజనగా పెంచేది ఆ వరసలో నిలబడి చూసిన బాల్యమే.

మళ్లీ రాగిరేకుల దగ్గరికి రావాలి. ఆ రేకుల్లోని పాటలకు మొదట స్వరం కట్టినవాళ్లలో అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు ముఖ్యులు. ఆ తరవాత నెడునూరి కృష్ణమూర్తి గారు నూరుకు పైగా కీర్తనలకు బాణీ కట్టారు. ఎం.ఎస్. సుబ్బలక్ష్మి బాలాజీ పంచరత్నమాలలో పాడిన అన్నమయ్య కీర్తనల్లో కొన్ని ఆయనవే. ఇవాళ మన ఇళ్లల్లో అన్నమయ్య అనుకుని వింటున్న పాటల్లో ఎన్నో అన్నమయ్య పదం, నెడునూరి రాగం. ఆ రాగం వెనక పినాకపాణి గారి పాఠం. తాళ్లపాకలో పోయిన దాన్ని ఆ బాణీలు తిరిగి తేలేదు. ఎవరూ తేలేరు. దాని చోట ఈ కాలానిది ఒకటి కట్టిపెట్టాయి. అన్నమయ్య తన గొంతుతో సామంతం ఎట్లా ఎత్తుకున్నాడో ఇక ఎన్నటికీ తెలియదు. పినాకపాణి గారు తోడి ఎట్లా నేర్పారో మాత్రం అయిదు వందల ఏళ్ల తరవాత పుట్టే పిల్లవాడు కూడా పుట తెరిచి తెలుసుకోగలడు. కర్నూలు వైద్యుడి పనితనానికి నా దృష్టిలో ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

చెక్కభజన పాటలకు అట్లాంటి పుట లేదు. గురువుల నోట్లోనే ఉన్నాయి, గురువుల్లో చాలామంది డెబ్భై దాటినవాళ్లు. ఒక్కో గురువు పోయినప్పుడల్లా కొన్ని పదుల పాటలు, వాటి అడుగులు, ఆ తిప్పులు పోతున్నాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మా మండలంలోనే ఉంది. వేలమంది పిల్లలు, ప్రతి చేతిలో ఫోను. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, వేమన పద్యాలను సేకరించిన దొర పేరు మీద బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఒక ఊరు, ఒక గురువు, ఒక సాయంత్రం. పాటను చివరి దాకా, కాళ్లు కనిపించేట్టు రికార్డు చేయండి. గురువు పేరు, ఊరి పేరు, తాళం పేరు, ఆయనకు నేర్పిన గురువు పేరు రాసి బ్రౌన్ గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి. స్వరం తెలిసినవాళ్లు ఉంటే పినాకపాణి గారి పద్ధతిలో ఒక్క పాటైనా విప్పి రాయండి. ఈ శ్రావణంలోనే మొదలుపెట్టండి.